తిరిగొచ్చిన పుస్తకాలు

అందరికీ నమస్కారం.

"పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతం" అనే శ్లోకం మీలో చాలామంది వినే ఉంటారు. పరాయి చేతికి వెళ్తే ఇక పోయినట్టే అని. వనితను కూడా ఆ వరసలో చేర్చిన పాపం రాసినాయనకే వదిలేద్దాం. దానికి రెండో సగం కూడా ఉంది, అదెవరూ చెప్పరు. ఒకవేళ పుస్తకం తిరిగొచ్చినా చిరిగి, నలిగి వస్తుందట. నా హాబీ అంతా ఆ రెండో సగం మీదే నడుస్తోంది.

అడిగినవాళ్ళకి పుస్తకాలు ఇవ్వడం నాకు ముందు నుంచీ అలవాటు. కొన్ని అట్ట ఊడి వస్తాయి, కొన్ని కుట్టు తెగి వస్తాయి. ఎవరితోనో పోట్లాడటం కంటే జిగురు సీసా తెచ్చుకోవడం సుఖమనిపించి, వాటిని నేనే బాగుచేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు పుస్తకం క్షేమంగా తిరిగొస్తే కాస్త నిరుత్సాహంగా కూడా ఉంటుంది.

ఈ పనిలో పడ్డాకే ఒక సంగతి తెలిసింది. ఇంటికెళ్ళాక మీరూ చేసి చూడండి. పాత న్యూస్‌పేపర్ తీసుకుని పైనుంచి కిందికి చించండి. దాదాపు గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. అదే కాగితాన్ని అడ్డంగా చించండి. ఎంత జాగ్రత్తగా లాగినా వంకరటింకరగా పోతుంది. మన చేతుల్లో లోపమేమీ లేదు. కాగితం తయారయ్యేటప్పుడు నీళ్ళలో కలిసిన గుజ్జు కదులుతున్న జల్లెడ మీద పడుతుంది. అందులోని పీచుల్లో ఎక్కువ భాగం ఆ కదలిక వైపుకే వరసగా సర్దుకుంటాయి. దీన్నే బైండింగ్ చేసేవాళ్ళు గ్రెయిన్ అంటారు. తడి తగిలితే పీచు పొడవు పెద్దగా పెరగదు, లావు మాత్రం పెరుగుతుంది. అందుకే జిగురు రాసిన కాగితం ఒకవైపుకే చుట్టుకుపోతుంది. అట్ట లోపల అంటించే కాగితంలో గ్రెయిన్ పుస్తకం వెన్నుతో పాటు నిలువుగా ఉండాలి. అడ్డంగా పెట్టామా, ఆరాక అట్ట వంగి కూర్చుంటుంది, పుస్తకం సరిగ్గా మూసుకోదు. పుట్టిన దగ్గర్నుంచీ కాగితాలు చించుతూనే ఉన్నాం, దానికో దిక్కు ఉంటుందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు! తెలిసిన రోజున ఇంట్లో ఉన్న చిత్తుకాగితాలన్నీ చించి చూశాను. ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారో ఇక్కడ చెప్పను.

ఇంకో పుస్తకంలో ఎదురెదురు పేజీల మీద పొడుగాటి గోధుమరంగు మచ్చ కనిపించింది. టీ ఒలికిన మరక కాదు, అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఎవరో ఏళ్ళ తరబడి అక్కడ పేపర్ కటింగ్ దాచుకున్నారు. న్యూస్‌ప్రింట్‌లో చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలి అది పసుపెక్కుతుంది, కాగితంలో ఆమ్లమూ పెరుగుతుంది. ఆ ఆమ్లం పక్క పేజీల్లోకి పాకి మచ్చ పెడుతుంది. కటింగ్ ఎప్పుడో పోయింది. ఏం వార్తో, ఎవరి ఫొటోనో తెలియదు, దాని కొలత మాత్రం మిగిలింది. ఆ పేజీలను నేను ముట్టుకోలేదు. బాగుచేయాల్సిందేమీ ఉందనిపించలేదు.

పెన్సిల్ రాతలూ అంతే. పుస్తకంలో గీతలు గీస్తే నేరమన్నట్టు చూసేవాళ్ళున్నారు. లైబ్రరీ పుస్తకమైతే నేనూ వాళ్ళ పక్షమే. సొంత పుస్తకం సంగతి వేరు. ఇంగ్లిష్ వ్యాసకర్త చార్లెస్ లాంబ్ దగ్గర ఆయన మిత్రుడు, కవి కోల్‌రిడ్జ్ పుస్తకాలు పట్టుకెళ్ళేవాడు. మార్జిన్లలో తన వ్యాఖ్యలు రాసి తిరిగిచ్చేవాడు. అవి వడ్డీతో సహా తిరిగొచ్చినట్టే అని లాంబ్ 1820లో సరదాగా రాసుకున్నాడు. మన దగ్గర పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళందరూ కోల్‌రిడ్జ్‌లు కారు, నిజమే. కానీ నేను చప్పగా ఉందని దాటేసిన పేరా పక్కన ఎవరో రెండు నిలువు గీతలు గీసి ఉంటే, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవకుండా ఉండలేను.

"ఇదంతా చేస్తే ఏమొస్తుంది?" అని అడుగుతుంటారు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ కథ చెప్పి తప్పించుకోవచ్చు. లెక్కల మేష్టారుగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ అయ్యారు. తర్వాత లండన్‌లో ఒక దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు చూశారు. అవే ముక్కలు విప్పి, రకరకాలుగా బిగిస్తే వేర్వేరు బొమ్మలవుతాయి. పుస్తకాల విషయాలనూ అలా ముక్కల్లా కలపొచ్చన్న ఆలోచన అక్కడే తట్టింది. 1933లో అది లైబ్రరీలో పుస్తకాలను విషయాల వారీగా సర్దే పద్ధతిగా, కోలన్ వర్గీకరణ అన్న పేరుతో బయటికొచ్చింది. కథ బాగుంది కానీ, దాన్ని సాకుగా వాడుకోవడం నాకిష్టం లేదు. నా జిగురు పనిలోంచి ఏ సిద్ధాంతమూ పుట్టదు. చేస్తున్నంతసేపు టెన్షన్లు గుర్తుకు రావు, అది నాకు చాలు.

పుస్తకాలు ఇచ్చేవాళ్ళకి ఒక్క మనవి. వారం తిరక్కుండానే "చదివారా? ఎలా ఉంది?" అని అడక్కండి. అలా అడిగామంటే వాళ్ళకది హోంవర్క్ అయిపోతుంది. తర్వాత మనం ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్తారు. ఎవరికి ఏది ఇచ్చామో ఒక నోటుబుక్‌లో రాసుకుని ఊరుకోండి.

తీసుకెళ్ళేవాళ్ళూ భయపడకండి. పేజీ చిరిగితే చిరిగిందని చెప్పి ఇవ్వండి. సెల్లోటేప్ మాత్రం వేయకండి. కొన్నాళ్ళకి ఆ టేప్ ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పసుపు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది. దాన్ని వదిలించడం నాకింకా చేతకాలేదు. మీలో ఎవరికైనా వస్తే ఈ సభ అయ్యాక ఒకసారి కనిపించండి.