‘బాలూ తమ్ముడు’తో మిఠాయి కొట్టు బోర్డు చేద్దాం

నమస్కారమండీ. ముందు స్క్రీన్ మీద ఈ ఒక్క మాట చూడండి: బొబ్బట్లు. ఫాంట్ పేరు బాలూ తమ్ముడు. ఆ ‘బ’ ఎంత బొద్దుగా ఉందో, పెనం మీద పొంగిన బొబ్బట్టులాగే! గీత సన్నబడకుండా ఒకే లావున సాగింది, కొసలు మెత్తగా మలిచారు. మన అక్షరాలు అసలే గుండ్రం కాబట్టి ఈ లావు వాటికి భలే నప్పుతుంది.

ముంబైలోని ఏక్ టైప్ వాళ్లు బాలూని తొమ్మిది భారతీయ లిపులకి చేశారు. పేర్లు కూడా ఇంట్లో పిలుపుల్లాగే పెట్టారు: కన్నడకి తమ్మ, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, మనకి తమ్ముడు. నాకు ఈ పేర్లంటే చాలా ఇష్టం. గూగుల్ ఫాంట్స్‌లో ‘బాలూ తమ్ముడు 2’ (Baloo Tammudu 2) అని వెతికి దించుకోండి. వ్యాపారానికి వాడుకున్నా ఉచితమే. మొదట్లో ఒకే మందం ఉండేది, ఈ 2లో 400 నుంచి 800 దాకా ఐదున్నాయి. బోర్డుకి 800 తీసుకుంటున్నా.

పై వరసలో బొబ్బట్లు, కింద అరిసెలు. వరసల మధ్య ఎడం తగ్గిస్తున్నా... ఇక్కడ జూమ్ చేస్తా, చూడండి. ‘బ్బ’ కింద వత్తు వచ్చి ‘రి’ మీద గుడిని తాకింది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి కింద దాదాపు ఏమీ వేలాడదు, అందుకే ఆ పోస్టర్లలో వరసలు బిగించినా బాగుంటాయి. మనకి కింద వత్తులు, పైన గుడులు, ఎత్వాలు. ఇంత లావు గీతలు ఒకదానికొకటి తగిలితే అంతా ముద్దైపోతుంది. వత్తుకీ గుడికీ మధ్య కనీసం గీత మందమంత ఖాళీ వచ్చేదాకా ఎడం పెంచుతున్నా. ఇదిగో, ఇప్పుడు హాయిగా చదవొచ్చు.

పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కకి పడుతుంటే తప్పు ఫాంట్‌ది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి, మళ్లీ తెరవండి.

ఫోన్ నంబరు, చిరునామా మాత్రం ఈ ఫాంట్‌లో పెట్టకండి. ఒకసారి పిల్లల కథల కార్యక్రమానికి కరపత్రం చేస్తూ, కింద వివరాలు కూడా ఇదే లావులో, చిన్న సైజులో పెట్టేశాను. అచ్చయి వచ్చాక చూస్తే ‘థ’ లోపలి చుక్క పూడిపోయి ‘కథలు’ కాస్తా ‘కధలు’ అయింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకి తప్పు చూపించానే అని చాలా బాధేసింది. అప్పట్నుంచి వివరాలకి మండలి లాంటి సాదా ఫాంటే వాడుతున్నా.

పిల్లల పుస్తకం అట్ట, చిరుతిళ్ల ప్యాకెట్, వీడియో థంబ్‌నెయిల్... నాలుగైదు మాటలు పెద్దగా కనబడాల్సిన చోటల్లా తమ్ముడు బాగుంటాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మాత్రం వద్దు. ఇంత ముద్దుగా ఉండే అక్షరం ఆ ఇంటివాళ్ల మనసు నొప్పిస్తుంది.

సరే, మన బోర్డుని ఫోన్‌లో తెరిచి, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. ‘ట్లు’ కింద ల వత్తు అంత దూరానికీ విడిగా కనబడుతోందా? అయితే ప్రింటుకి పంపేయండి.