కొండదారి పాత షీటులో ఉంది

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈవేళ మ్యాపుల గురించి మాట్లాడదామని వచ్చేను. ఫోన్లో కుడికి తిరుగు ఎడమకి తిరుగు అని చెప్పే మ్యాపు కాదండి, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు వేసిన పాత టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు కూడా చూపించే మ్యాపులు, ఇరిగేషన్ ఇంజనీర్ల ఇళ్ళల్లో అటక మీద గుడ్డ అంటించి మడతపెట్టి ఉంటాయే, అవి. ఆ షీటు పట్టుకుని మన పైనున్న కొండల్లోకి, అంటే పాపికొండలు, రంపచోడవరం, మారేడుమిల్లి దాటి తారురోడ్డు ఆగిపోయిన చోటు నుంచి లోపలికి ఎలా వెళ్ళొచ్చు, వెళ్తే ఏం కనపడుతుంది అన్నదే నా మాట.

మనం డెల్టా వాళ్ళం. మనకి ఎత్తు అంటే ఏటిగట్టు, లేకపోతే కాలవగట్టు. మన దగ్గర పాత మ్యాపు పెద్దగా పనికిరాదు కూడా, ఎందుకంటే గోదారి ఊరుకోదు కదా, 1986 వరద లాంటిది ఒకటొస్తే లంక ఇక్కడ కోసుకుపోయి అక్కడ మేట వేస్తుంది, తాతలనాటి షీటులో ఉన్న భూమి ఇప్పుడు నీళ్ళలో ఉంటుంది. కొండల్లో అలా కాదు. నూరేళ్ళ కిందట గీసిన గట్టు, అంటే కొండ వెన్ను, ఇవాళ కూడా అక్కడే ఉంటుంది, వాగు ఆ లోయలోనే దిగుతుంది. మారింది మనిషి నడిచే దారి ఒక్కటే. ఆ దారి జీపు రోడ్లు రాకముందు ఎటు పోయేదో పాత షీటు చెబుతుంది, కొత్త మ్యాపు చెప్పదు. నాకు దాని మీద ఇంత ఇష్టం అందుకే.

ముందు షీటు నంబరు సంగతి చెబుతాను, ఇది తెలిస్తే సగం పని అయినట్టే. దేశాన్ని నాలుగేసి డిగ్రీల గడులుగా విడగొట్టి నంబర్లు ఇచ్చేరు, మనది 65. దాన్ని 16 ముక్కలు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలు పెట్టేరు, ఆ ఒక్కో ముక్కనీ మళ్ళీ 16 చేస్తే మన చేతికొచ్చే షీటు. రాజమండ్రి ఇంచుమించు 17 డిగ్రీల అక్షాంశం మీదే ఉంది. ఆ గీతకి కింద నిడదవోలు, తణుకు, పాలకొల్లు, అదంతా 65 హెచ్. పైన కోరుకొండ, రంపచోడవరం, మారేడుమిల్లి, పాపికొండలు, అదంతా 65 జి. కింద వరిచేలు, పైన అడవి, మధ్యలో మన రాజమండ్రి.

ఈ షీట్ల వెనకాల ఎంత కష్టం ఉందో కూడా అనుకోవాలండి. లాంబ్టన్ అనే సర్వేయరు దొర 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన, ఎత్తైన చోట్ల మధ్య త్రికోణాలు కొలుచుకుంటూ పోయే సర్వే మీద నిలబడ్డవే ఈ మ్యాపులన్నీ. ఆయన దగ్గర 1818లో చేరినవాడు జార్జ్ ఎవరెస్ట్, తర్వాత హిమాలయాల్లో శిఖరానికి పేరు పెట్టింది ఆయనదే, ఆయన కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరం పట్టుకుని 1820లో ఆరోగ్యం కోసం ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కి వెళ్ళాల్సొచ్చింది. మన్యం జ్వరం అని మనవాళ్ళు భయపడేది ఉత్తినే కాదు. ఆయనతో పాటు గొలుసు లాగినవాళ్ళు, జెండా పట్టుకుని కొండెక్కినవాళ్ళు, అడవి నరికి దారి చేసినవాళ్ళ పేర్లు మాత్రం షీటు అంచున ఎక్కడా ఉండవు.

ఇప్పుడు షీటు చదవడం. పాతవి ఒక అంగుళానికి ఒక మైలు, తర్వాతొచ్చినవి ఒకటికి యాభై వేలు, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. గోధుమరంగు గీతలు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ పోయే గీత, అంగుళం షీట్లలో చాలావాటికి గీతకీ గీతకీ 50 అడుగుల తేడా. గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే నడవొచ్చు. గీతల మొన పైకి చూస్తుంటే అక్కడ వాగు, కిందకి చూస్తుంటే గట్టు దిగుతోందని. కొత్తగా వెళ్ళేవాళ్ళు వాగు పట్టుకుని ఎక్కుదామనుకుంటారు, చల్లగా ఉంటుంది కదా అని, కానీ వాగులో బండలు, జారుడు, ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండలో ఉండగానే నీళ్ళొచ్చి పడతాయి. పాతకాలం కాలిబాటలు చూడండి, ఎక్కువ భాగం గట్టు మీదుగానే పోతాయి. వాగు దాటాల్సిన చోట దాటి మళ్ళీ గట్టెక్కేస్తాయి.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఏడాదంతా నీళ్ళుండే వాగుకి నీలం, ఎండిపోయేదానికి నలుపు. బండిబాట వేరే గుర్తు, కాలిబాట వేరే గుర్తు. కొన్ని ఊళ్ళ పేర్ల కింద బ్రాకెట్లో వారం పేరు ఉంటుంది, అది సంత రోజు. నాకు ఆ చిన్న అక్షరాలు మహా ఇష్టం. సంత ఉన్న ఊరు దొరికిందంటే చుట్టుపక్కల కొండల నుంచి కాలిబాటలన్నీ దాని మీదకే దిగుతూ కనపడతాయి, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని కొండరెడ్లు, కోయలు ఏ గట్టు మీద నుంచి దిగేవాళ్ళో ఆ కాగితం మీద గీత గీతకీ తెలుస్తుంది. మనం ట్రెక్కింగ్ అని పేరు పెట్టుకుని వెతికే దారి వాళ్ళకి ఉప్పు కొనుక్కురావడానికి వెళ్ళే దారి.

మారేడుమిల్లి పైన ఒక కొండరెడ్ల ఊళ్ళో నులకమంచం మీద షీటు పరిచేమండి. ఒక తాతగారు వచ్చి కూర్చున్నారు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, నేను కాలిబాట వెంబడి వేలు పెట్టి కొండల పేర్లు ఒక్కోటీ చదువుతున్నా. మూడో పేరు అయ్యేసరికి ఆయన నాలుగోది, అయిదోది నాకంటే ముందే చెప్పేశారు, వరస తప్పలేదు. ఆ తర్వాత షీటులో లేనిది ఒకటి చెప్పేరు, ఫలానా మలుపు దగ్గర రాయి కింద ఊట ఉంటది బాబూ, వేసంకాలం కూడా ఎండదు అని. పెన్సిల్‌తో అక్కడ చిన్న చుక్క పెట్టుకున్నా. షీటు, ఆ ఊరి మనిషి, రెండూ కలిస్తేనే దారి పూర్తవుతుంది. ఏదో ఒకటే పట్టుకుని లోపలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

షీట్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. ఒకప్పుడు తీరప్రాంతం షీట్లు రిస్ట్రిక్టెడ్ అని ముద్రేసి మామూలు మనిషికి ఇచ్చేవాళ్ళు కాదు. 2005లో కొత్త మ్యాప్ పాలసీ వచ్చేక ఓపెన్ సిరీస్ అని అందరికోసం వేరే షీట్లు వేశారు, అవి సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్లో రిజిస్టర్ అయి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాతవాటికి ఇంకో దారి ఉంది, 1950ల్లో అమెరికా సైన్యం మ్యాప్ విభాగం మన దేశానికి ఒకటికి రెండు లక్షల యాభై వేల స్కేల్లో షీట్లు వేసింది, వాటిని టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టింది. కాలిబాట వెతకడానికి అది చాలదు గానీ ఏ లోయ ఏ లోయలోకి తెరుచుకుంటుందో పట్టుకోడానికి బాగుంటుంది.

షీటుని ఫోన్లోకి ఎక్కించాలంటే స్కాన్ చేసి, నాలుగు మూలల్లో అచ్చయిన అక్షాంశం రేఖాంశం అంకెలు క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో ఇవ్వాలి. ఇక్కడ ఒక చిక్కుంది. పాత షీట్లు ఎవరెస్ట్ పేరు మీదున్న 1830 నాటి భూమి ఆకారం లెక్క ప్రకారం వేసినవి, మన జీపీఎస్ వేరే లెక్క మీద నడుస్తుంది, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే మీ చుక్క వంద, రెండొందల మీటర్లు పక్కకి పడుతుంది. చేలో అయితే పర్లేదు, గట్టు మీద అంత తేడా అంటే ఇటు లోయా అటు లోయా అన్నంత తేడా. కాబట్టి ఎక్కించాక రెండు వాగులు కలిసే చోటో, సర్వేవాళ్ళు కొలిచిన చోటని త్రికోణం గుర్తు వేసిన కొండకొనో చూసి శాటిలైట్ బొమ్మతో సరిపోల్చుకోండి. కొత్తగా కట్టిన వాటితో మాత్రం పోల్చొద్దు, సీతపల్లి వాగు మీద భూపతిపాలెం రిజర్వాయరు పాత షీటులో వెతికితే ఎలా దొరుకుతుంది?

కాంటూరు అన్నమాట ఇంజనీర్ల మాట అనుకుంటాం గానీ దేవీపట్నం, వీఆర్ పురం, కూనవరం వైపు వెళ్తే ముసలమ్మలు కూడా అంటారండి, మా ఊరు 41.15 మీటర్ల కాంటూర్లో ఉంది, వాళ్ళది 45.72లో అని. పోలవరం ముంపు లెక్క అది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అడుగుల్లో సరిగ్గా 150. అంటే 50 అడుగుల గీతలున్న పాత అంగుళం షీటు మీద సముద్రమట్టం నుంచి లెక్కపెడితే మూడో గీత. ఆ గీత మీద పెన్సిల్ పెట్టి గోదారి పక్కనే పైకి పోండి, ప్రతి వాగులోకీ దూరి, ఊరి వెనక నుంచి తిరిగి, మళ్ళీ ఏటి ఒడ్డుకి వస్తుంది. గీతకి లోపల పడ్డ ఊళ్ళు, బాటలు, రేవులు చూస్తుంటే నాకు చెయ్యి ఆగిపోతుంది. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్ళు ఇప్పటికే ఖాళీ చేసి పునరావాస కాలనీలకి వెళ్ళిపోయేరు. ఏటి ఒడ్డున రేవు నుంచి కొండెక్కే బాటల మొదళ్ళు నీళ్ళలో పడితే పైనున్న బాట మిగిలినా ఎక్కడ మొదలవుతుందో చెప్పేది ఆ కాగితమే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి, పాపికొండలు 2008 నుంచి నేషనల్ పార్కు, ఫారెస్టు ఆఫీసులో అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. వానలు వెనకబట్టి వాగులు తగ్గేక, చలికాలంలో వెళ్ళండి, దోమతెర మర్చిపోకండి, ఊరి నుంచి ఒక మనిషిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి.

ఇంట్లో పాత షీటు ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి దాన్ని చిత్తుకాగితాల్లో వెయ్యకండి. మడతలు విప్పి బల్ల మీద పరిచి, అంచులు కొయ్యకుండా మొత్తం స్కాన్ చేయించండి, ఏ ఏడు సర్వే చేశారో ఆ అంచు మీదే ఉంటుంది. తర్వాత ఆ కాపీ ఒకటి పట్టుకుని ఆ కొండల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, ఇంగ్లీషులో అడ్డదిడ్డంగా పడ్డ పేర్లని వాళ్ళు పలికినట్టే తెలుగులో పక్కన రాసుకోండి, ఊటలు, రేవులు, పాత సంతలు ఎక్కడో అడిగి చుక్కలు పెట్టుకోండి. నమస్కారం.