గట్టిగా బిగిస్తే పన్ను తొందరగా జరుగుతుందా?

శ్రోతలకు నమస్కారం. నెల్లూరులో పళ్ళకు క్లిప్పులు వేసే డాక్టరుని. ఈ మధ్య సంగం నుంచి పాపను తీసుకొచ్చిన ఒక తల్లి నన్నిలా అడిగింది: "సార్, ఇంకాస్త గట్టిగా బిగించండి. సెలవులు అయ్యేలోపు పళ్ళు లోపలికి వచ్చేస్తాయి కదా!"

ఆమె అడగడంలో తప్పేమీ లేదు. పన్ను అంటే గోడలో దిగ్గొట్టిన మేకు అనుకుంటాం. నిజానికి పన్ను ఎముకను తాకనే తాకదు. రెండింటి మధ్య సుమారు మిల్లీమీటరులో ఐదో వంతు మందాన మెత్తటి పొర ఉంటుంది. సన్నటి నారలు, రక్తనాళాలు, కణాలు అన్నీ అందులోనే. తీగ పన్నును తోస్తే ముందు నలిగేది ఆ పొరే.

"పెన్న ఒడ్డున ఉండేవాళ్ళు, మీకు తెలియనిదా అమ్మా! వరదొస్తే ఒక గట్టు కోసుకుపోతుంది, ఇంకోచోట ఇసుక మేట వేస్తుంది" అన్నాను. పన్ను చుట్టూ జరిగేదీ అదే. నొక్కుడు పడిన వైపు కణాలు కబురు పంపితే, ఆస్టియోక్లాస్టులనే పెద్ద కణాలు తయారవుతాయి. అవి ఎముకకు అతుక్కుని, ఆమ్లం వదిలి కాల్షియాన్ని కరిగిస్తాయి. మిగిలిన ప్రోటీన్‌ను ఎంజైములతో తొలగిస్తాయి. లాగుడు పడిన వైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముక పోస్తాయి. 1904-05 ప్రాంతంలోనే స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల పళ్ళను జరిపి, ఈ కోతనూ మేటనూ సూక్ష్మదర్శినిలో చూశారు.

మరి గట్టిగా బిగిస్తే? ఆ పొరలోని రక్తనాళాలు నలిగి మూసుకుపోతాయి. నెత్తురు అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఇక ఎముకను తొలిచే కణాలు వెనకవైపు నుంచి దారి చేసుకుంటూ రావాలి. అందాకా, కొన్ని వారాల పాటు, పన్ను ఉన్నచోటే ఉంటుంది. బిడ్డకు నొప్పి మిగులుతుంది. వేరు కొస అరిగే ప్రమాదమూ పెరుగుతుంది. నాకు అన్నిటికన్నా భయం అదే, పొట్టిదైపోయిన వేరు మళ్ళీ పొడుగు పెరగదు.

అన్నీ సవ్యంగా ఉంటే నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. నొప్పికి మాత్ర కావాలన్నా డాక్టర్ని అడిగే వేయండి. ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే, కణాల కబురు మోసే ప్రోస్టాగ్లాండిన్లు తగ్గి పన్ను నడక మందగించవచ్చు.

ఆ తల్లి అంతా విని, పాప దవడ మీద చెయ్యి వేసి చూసింది. "అయితే మామూలుగానే కట్టండి సార్" అంది. సన్న తీగే కట్టి, నాలుగు వారాలకు రమ్మన్నాను.