ఏ కిటికీరా అది?

అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చారు, నా పరిచయానికే ఐదు పోయాయి. కాబట్టి సన్మానం సంగతి తర్వాత.

డాలస్ పాత కౌంటీ కోర్టు కట్టడం గురించి చెప్పమన్నారు. మనందరం దాని ముందు ఫొటోలు దిగినవాళ్లమే. ‘ఓల్డ్ రెడ్’. అంతకు ముందున్న కోర్టు 1890లో తగలబడితే 1892కల్లా ఇది లేచింది. ఆర్కిటెక్టు మాక్స్ ఓర్లాప్. శైలి రోమనెస్క్ రివైవల్, అంటే అర్ధచంద్రాకారపు కమానులు, గుండ్రటి బురుజులు, నునుపు చెయ్యకుండా మొరటుగానే వదిలేసిన ఎర్ర ఇసుకరాయి. కప్పు మీద రెక్కల డ్రాగన్లు. గడియారం గోపురాన్ని 1919లో దించేశారు. ఇప్పుడున్నది 2007లో మళ్లీ కట్టింది.

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమాస్తా. ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు అనేవాడు. ఇక్కడికొచ్చినప్పుడు అందర్లాగే ముందు కెనెడీని కాల్చిన చోటు చూపించాను. పక్కనే ఈ కోర్టు. ఆయన కళ్లు దానిమీద పడ్డాయి. గోపురం గురించి చెప్పాను, విన్నాడు. తర్వాత, చెప్పకూడదనుకుంటూనే, అలెన్ బ్రూక్స్ గురించి చెప్పాను.

1910 మార్చి 3. పెద్దవయసు నల్లజాతి మనిషి, ఇళ్లలో పనులు చేసుకునేవాడు. ఓ చిన్నపిల్ల మీద అఘాయిత్యం చేశాడని ఆరోపణ. ఆరోపణేనండి, తీర్పు కాదు. అమెరికా లెక్కన రెండో అంతస్తు కోర్టు గదిలోకి గుంపు చొరబడింది. మెడకు తాడు వేసి కిటికీలోంచి కిందికి లాగేశారు. మెయిన్, అకార్డ్ వీధుల కూడలి దాకా ఈడ్చుకెళ్లి వేలాడదీశారు. చూడ్డానికి వేలమంది. ఆ ఫొటోని పోస్టుకార్డులుగా అమ్మారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. ఆ కూడలి దగ్గర ఫలకం పెట్టింది 2021లో. లెక్కేసుకోండి, 111 ఏళ్లు!

నాన్న అడిగింది ఒక్కటే: “ఏ కిటికీరా అది?”

నాకు తెలీదు. డ్రాగన్ల గురించి అంత చదివినవాణ్ణి, కిటికీ ఏదో వెతకలేదు. ఆయన మాత్రం ఎండలో నిలబడి వరసగా అన్నీ చూశాడు. “మన లెక్కన మొదటి అంతస్తే కదా” అని మళ్లీ అడిగాడు. అవునన్నాను.

ఇదిగో, కార్యదర్శిగారు చెయ్యూపుతున్నారు. అయిపోయిందండీ. బాబూ, ఆ స్లైడు మార్చకు. కాసేపు అలాగే ఉంచు. గోపురం కాదమ్మా, కింద చూడండి. రెండో వరస.