రబ్బరు అచ్చుతో సంక్రాంతి కార్డు

అందరికీ నమస్కారం. డిసెంబరులో ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి ఈ గ్రంథాలయం హాలుకు వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసల్లో పిల్లలు, వెనక అమ్మలూ అమ్మమ్మలూ, ఆ చివర కాలేజీ అమ్మాయిలు కనిపిస్తున్నారు. నేను చెప్పబోయేది మీలో ఎవరైనా చేయగలిగిన పని. రబ్బరు అచ్చులతో ఒక గ్రీటింగ్ కార్డు, దానితోపాటు మిఠాయి పెట్టి ఇవ్వడానికి ఒక చిన్న అట్టపెట్టె.

ఆన్‌లైన్‌లో అమ్మే స్టాంపుల సెట్లు మీరు చూసే ఉంటారు. మంచు మనిషి, క్రిస్మస్ చెట్టు, గులాబీ గుత్తులు, ఇంగ్లీషులో హ్యాపీ బర్త్‌డే, థాంక్యూ. అందంగానే ఉంటాయి, నా దగ్గరా కొన్ని ఉన్నాయి. కానీ వాటిలో గొబ్బెమ్మ ఉండదు, గంగిరెద్దు ఉండదు. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని తెలుగులో ఉన్న అచ్చు కావాలంటే వెతికి వెతికి విసుగొస్తుంది. కొన్న అచ్చుతోనే సరిపెట్టుకుంటే మన పండక్కి మనం ఏం చెప్పాలో ఆ అచ్చు అమ్మినవాళ్లు తేల్చేసినట్టే అవుతుంది. అందుకని అచ్చు కూడా మనమే చేసుకుందాం. ఈ మాట చెప్పడానికే వచ్చాను.

చరిత్ర కొంచెం చెప్తాను, ఎక్కువ కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి పండగ ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేకపోయింది. జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి, అచ్చు వేయించి, చేత్తో రంగులు వేయించాడు. అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదే. వెల ఒక షిల్లింగు. ఆ రోజుల్లో కూలివాడు కొనగలిగిన ధర కాదది. దానికి నాలుగేళ్ల ముందు, 1839లో, అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడి నిలుస్తుందని కనిపెట్టాడు. అంతకుముందు రబ్బరు ఎండకు జిగురులా సాగేది, చలికి పెళుసుబారేది. తర్వాత కొన్నేళ్లకు రబ్బరు స్టాంపులు వచ్చాయి. కట్టుడు పళ్ల కోసం పంటి డాక్టర్లు వాడే చిన్న వల్కనైజర్లలోనే, అంటే రబ్బరును వేడితో గట్టిపరిచే యంత్రాల్లోనే, తొలి స్టాంపులు కొన్ని తయారయ్యాయట. ఆఫీసు కాగితాల మీద గుద్దడానికి పుట్టిన వస్తువు చేతిపనివాళ్ల బల్ల మీదకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మనకు అంతకన్నా దగ్గరి పాఠశాల ఒకటి ఉంది. విజయవాడలో మచిలీపట్నం రైలెక్కితే ఊరు చేరేముందు పెడన వస్తుంది. అక్కడి కలంకారీ అద్దకం చూడనివాళ్లుంటే ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులవి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ముందు గీతల అచ్చు పడుతుంది, తర్వాత నింపే రంగుల అచ్చులు వాటి వాటి చోట్ల కూర్చుంటాయి. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి నలుపు తీస్తారు. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. మన పనికి కావలసినవి రెండు గమనించండి. ఒకటి, గుడ్డ పరిచే బల్ల గట్టిగా ఉండదు, కింద పొరలు పొరలుగా మెత్త ఉంటుంది. రెండు, అచ్చును రంగులో ముంచరు. తొట్టిలో రంగు మీద పరిచిన మెత్తటి పొరకు తాకించి, పైపైన అంటేంత రంగే తీసుకుంటారు. ఈ రెండూ తెలిస్తే కార్డు మీద అచ్చు సగం వచ్చినట్టే. మీ బల్లల మీద కాగితం కింద పరుచుకోవడానికి పాత మౌస్‌ప్యాడ్లు పెట్టింది అందుకే. ఇంట్లో అది లేకపోతే నాలుగైదు మడతల న్యూస్‌పేపరు చాలు.

ఇప్పుడు అచ్చు చెక్కడం. పిల్లలూ, మీ పెన్సిలు బాక్సులో ఉన్న ఎరేజరే మన రబ్బరు. కొత్తది, మూలలు అరగనిది తీసుకోండి. ముందు ట్రేసింగ్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో, 2బీ అయినా 4బీ అయినా సరే, బొమ్మ గీయండి. గీతలు ముదురుగా ఉండాలి. ఆ కాగితాన్ని బోర్లించి ఎరేజరు మీద పెట్టి వేలి గోరుతో రుద్దండి. పెన్సిలు మసి ఎరేజరుకు అంటుకుంటుంది, బొమ్మ తిరగబడి దిగుతుంది. దాన్ని చెక్కి కాగితం మీద అద్దితే మళ్లీ తిరగబడి సరైన వైపుకు వస్తుంది. అక్షరాలు చెక్కేవాళ్లకు ఇది వరం. అద్దంలో చూసినట్టు ఉల్టాగా రాయాలన్న టెన్షన్ అక్కర్లేదు.

చెక్కడానికి లైనో కట్టరు, అంటే సన్నటి ఉలి లాంటి కత్తి, బాగుంటుంది, ఆర్ట్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది. వి ఆకారపు సన్నటి మొనతో మొదలుపెట్టండి. గీతను వదిలేసి దాని చుట్టూ ఉన్న రబ్బరు తీసేయాలి. రెండు మిల్లీమీటర్ల లోతు చాలు. గీత పక్క గోడ నిటారుగా కాకుండా కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యేలా వాలుగా కోయండి. లోపలికి కోసుకుపోతే గీతకు ఆధారం పోయి నొక్కినప్పుడు వంగుతుంది. వంపు వచ్చినచోట చేతిని తిప్పకండి, ఎరేజరును తిప్పండి. మన అక్షరాలన్నీ గుండ్రటివే కాబట్టి ఈ ఒక్క అలవాటు చాలా పని చేసిపెడుతుంది. కత్తి ఎప్పుడూ మీకు దూరంగా కదలాలి, ఎరేజరు పట్టుకున్న వేళ్లు కత్తికి వెనకే ఉండాలి. పదేళ్లలోపు పిల్లలకు కత్తి ఇవ్వొద్దు. వాళ్లకు బెండకాయ అడ్డంగా కోసి ఇవ్వండి, ఎంత చక్కటి పువ్వు పడుతుందో!

అక్షరాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంగ్లీషుకు 26 అక్షరాల అచ్చులుంటే ఏ మాటైనా కూర్చుకోవచ్చు. మనకు గుణింతాలు, కింద వత్తులు. విడివిడి అచ్చులతో కూర్చాలంటే వందల్లో కావాలి. పాత అచ్చాఫీసుల్లో కంపోజిటర్లు అలాగే పని చేశారు, పాపం వాళ్ల కళ్లు! మనం అంత కష్టపడొద్దు. మాట మొత్తం ఒకే అచ్చుగా చేసుకుందాం. చేత్తో చెక్కేట్టయితే అక్షరం ఒకటిన్నర సెంటీమీటర్ల కన్నా చిన్నది కాకుండా చూసుకోండి. అంతకు తగ్గితే ‘క్ష’లో సందులు ఇంకుతో పూడిపోతాయి.

చెక్కే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, నాకు ఎంతో ఇష్టమైన దారి. ప్రతి ఊళ్లోనూ కోర్టు దగ్గరో కలెక్టరాఫీసు దగ్గరో రబ్బరు స్టాంపులు చేసే కొట్టు ఉంటుంది. డాక్టర్లకూ హెడ్‌మాస్టర్లకూ స్టాంపులు చేసిచ్చే కొట్టే. తెల్ల కాగితం మీద నల్ల జెల్ పెన్నుతో మీకు కావలసిన మాట రాసి ఇవ్వండి, కావలసిన సైజుకు రెట్టింపులో రాయండి. తగ్గించినప్పుడు గీత నున్నగా వస్తుంది. వాళ్లు దాన్ని స్కాన్ చేసి ఫిల్ము తీసి, ద్రవంగా ఉన్న పాలిమర్ మీద అల్ట్రావయొలెట్ వెలుగు పడేలా చేస్తారు. వెలుగు తగిలినచోట గట్టిపడుతుంది, మిగతాది కడిగితే పోతుంది. కొన్ని కొట్లలో లేజరుతో రబ్బరునే చెక్కుతారు. ఎలా చేసినా మీ చేతిరాత చేతిరాతలాగే దిగుతుంది.

ఇక్కడ పెద్దవాళ్లున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లందరికీ నా విన్నపం. ఆ రాసే పని మీ అమ్మమ్మగారికో తాతగారికో అప్పగించండి. వాళ్ల దస్తూరీలో ‘ఆశీస్సులు’ అనో ‘చల్లగా ఉండండి’ అనో ఒక మాట రాయించి అచ్చు చేయించండి. అమెరికాలో ఉన్న మనవరాలికి ఆ కార్డు వెళ్లిందనుకోండి, అందులో ఆ అమ్మాయి చూసేది ఏమిటో నేను వేరే చెప్పాలా? ఏ సెట్‌లోనూ దొరకని అచ్చు అది.

ఇక కాగితం. అట్ట కొట్లో ‘ఐవరీ షీటు’ అని అడగండి, 250 నుంచి 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు. నిగనిగలాడే ఆర్ట్ పేపరు వద్దు, దాని మీద ఇంకు ఆరకుండా నిలిచి వేలు తగిలితే అలికినట్టవుతుంది. ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మధ్యకు మడిస్తే 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 పొడవు కార్డు వస్తుంది. దానికి సరిపోయే కవరును సీ6 అంటారు. కాగితానికి ఒక వాలు ఉంటుంది, అంటే అందులోని నారలు పరుచుకున్న దిశ. షీటును రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి, ఒకవైపు తేలిగ్గా వంగుతుంది. మడత ఆ వైపుకే పెట్టండి. అడ్డంగా మడిస్తే చీలికలు పడతాయి. మడిచే ముందు స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీత లాగండి. మడత గీత మీదే పడుతుంది.

ఇంకుల్లో ముఖ్యంగా రెండు రకాలు. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోయి త్వరగా ఆరుతుంది. పిగ్మెంటు ఇంకు పైనే నిలుస్తుంది, ఆలస్యంగా ఆరుతుంది కానీ రంగు నిండుగా ఉంటుంది. ముదురు రంగు కాగితం మీద తెలుపు, బంగారు రంగు పడాలంటే పిగ్మెంటే కావాలి. ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఊదా ఇంకు ప్రాక్టీసుకు వాడండి, కార్డుకు వద్దు. నీటి చుక్క పడితే పాకిపోతుంది. పసుపు కలిపి అద్దొచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. అద్దొచ్చు, పండగ నాలుగు రోజులూ కళకళలాడుతుంది. వెలుగు తగిలేకొద్దీ వెలిసిపోతుంది. శుభలేఖ మూలలకు రాసినట్టు కవరు మూలలకు రాయండి, అక్కడ అందంగా ఉంటుంది. బొమ్మకు మాత్రం ఇంకే వాడండి. తడి ఇంకు మీద చల్లి కరిగిస్తే బొమ్మ ఉబ్బెత్తుగా నిలిచే ఎంబాసింగ్ పౌడరు, దాన్ని కరిగించే హీట్ గన్ ఈ రోజు పక్కన పెడదాం. జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరుతో ప్రయత్నించకండి, పొడి కరిగేంత వేడి రాదు, అంతా ఎగిరిపోతుంది.

అచ్చు చిన్నదైతే దాన్ని ప్యాడ్ మీద తేలిగ్గా తట్టండి. పెద్దదైతే అచ్చును వెల్లకిలా పెట్టి ప్యాడ్‌తోనే దాన్ని తట్టండి. కాగితం మీద పెట్టాక అటూ ఇటూ ఊపొద్దు. నిటారుగా నొక్కి నిటారుగా ఎత్తాలి. పారదర్శకంగా ఉండే కొత్త అచ్చు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతే ఎరేజరుతో తేలిగ్గా రుద్దండి, పట్టు వస్తుంది. ఒకసారి చిత్తుకాగితం మీద అద్ది, మళ్లీ ఇంకు పట్టించకుండా కార్డు మీద అద్దితే లేత రంగు పడుతుంది. దూరాన ఉన్న గాలిపటాలు అలా వేయొచ్చు. కుండ వెనక చెరుకు గడలు నిలబడాలంటే ముందు కుండ అద్దండి. అదే కుండను ఇంకో పల్చటి కాగితం మీద అద్ది, అంచు వెంబడి కత్తిరించి, కార్డు మీది కుండకు కప్పి, ఆపైన చెరుకు అద్దండి. కప్పు తీస్తే గడలు కుండ వెనక్కు వెళ్లిపోయి ఉంటాయి. దీన్ని మొదటిసారి చూసిన పిల్లల ముఖాలు చూడాలి!

చమ్కీలు, రాళ్లు, రిబ్బన్లు, లేసులు అన్నీ ఒకే కార్డు మీద అంటించడం నాకు నచ్చదు. కళ్లు ఎక్కడ ఆగాలో తెలియదు. ఒక్క గొబ్బెమ్మ, చుట్టూ బోలెడు ఖాళీ ఉన్న కార్డు నాకు ఎక్కువ అందంగా కనిపిస్తుంది. పోస్టులో పంపేవాళ్లకు బరువు లెక్క కూడా ఉంది. మనం చెప్పుకున్న కార్డు 300 జీఎస్‌ఎం షీటుతో చేస్తే తొమ్మిది గ్రాములు దాటి ఉంటుంది, కవరుతో కలిపి పదమూడు పద్నాలుగు అవుతుంది. మన పోస్టాఫీసులో ఉత్తరానికి మొదటి మెట్టు ఇరవై గ్రాములు. పైన ఇంకో అట్ట అంటించి రాళ్లు పెడితే మెట్టు దాటి అదనపు పోస్టల్ స్టాంపు పడుతుంది.

పెట్టె సంగతి. లెక్క చాలా సులువు. కాగితం కొలత అంటే అడుగు కొలత, దానికి ఎత్తు రెండుసార్లు కలపడమే. పది సెంటీమీటర్ల అడుగు, ఐదు సెంటీమీటర్ల ఎత్తు కావాలంటే 20 సెంటీమీటర్ల చదరపు ముక్క. ఏ4 వెడల్పు 21 కాబట్టి అందులో వస్తుంది. నాలుగు అంచుల నుంచీ ఐదేసి సెంటీమీటర్ల దగ్గర గీత లాగండి. ఎదురెదురు రెండు వైపుల్లో మూల గీతల వెంట ఐదు సెంటీమీటర్లు కత్తిరించి, ఆ రెక్కల్ని లోపలికి మడిచి అంటించండి. మూత అడుగు మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఎక్కదు. మూత ఎత్తు మూడు సెంటీమీటర్లు అనుకుంటే 16.3 సెంటీమీటర్ల చదరం కోసుకోండి. అచ్చులన్నీ కాగితం చదునుగా ఉన్నప్పుడే అద్దేయాలి, పెట్టె కట్టాక గోడ మీద నొక్కితే కుంగిపోతుంది. ఇందులో నాలుగు సున్నుండలు పడతాయి. నెయ్యి అట్టకు ఎక్కకుండా లోపల బటర్ పేపరు పరవండి, ఇంకు అద్దిన వైపు మిఠాయికి తగలకూడదు. పూతరేకులు పెట్టాలంటే మాత్రం ఈ చదరం పనికిరాదు, రేకు పొడవు కొలిచి పొడుగు పెట్టె చేసుకోవాలి. ఎత్తు తక్కువ పెట్టండి, లోపల దొర్లితే నలిగిపోతాయి.

కార్డు లోపల మాత్రం అచ్చు వేయొద్దు. లోపల పెన్నుతో రాయండి. పేరు పెట్టి పిలవండి: ‘పెద్దమ్మా’, ‘బావగారూ’, ‘ఒరేయ్ తమ్ముడూ’. ఆ మనిషికి మాత్రమే చెప్పగలిగిన మాట ఒకటైనా ఉండాలి. పోయినేడాది వాళ్లింట్లో తిన్న అరిసెల గురించి రాసినా చాలు. అచ్చు మనకు మిగిల్చిన సమయం ఈ రెండు వాక్యాలకు ఖర్చు పెట్టండి.

భోగికి ముందే అందాలంటే జనవరి మొదటి రోజుల్లోనే పోస్టు చేయాలి, విదేశాలకైతే ఈ వారంలోనే. ప్రతి బల్ల మీదా ఆరు ఎరేజర్లు, రెండు కట్టర్లు ఉన్నాయి. అమ్మమ్మలందరికీ విడిగా జెల్ పెన్నులు, తెల్ల కాగితాలు పెట్టించాను. ముందు మీరు రాయండమ్మా, పిల్లలు ఈలోగా గొబ్బెమ్మలు గీసుకుంటారు. రాసినవన్నీ నాకిస్తే రేపు పొద్దున్నే స్టాంపుల కొట్లో ఇచ్చేస్తాను.