మామా లూకా క్లాసు

తమ్ముడు: అందరికీ వందనాలు. అక్కా, కాంగోలో పనిచేసిన ఇంగ్లండ్ మిషనరీ హెలెన్ రోజ్‌వేర్‌ని డాక్టర్ అంటే నువ్వు ఒప్పుకోవు, టీచర్ అనమంటావు. ఎందుకలా?

అక్క: డాక్టరేరా, కాదన్లేదు. కేంబ్రిడ్జిలో చదివి 1953లో కాంగో వెళ్ళింది. అప్పటికింకా అది బెల్జియం ఏలుబడిలో ఉంది. రోగుల వరస చూస్తే తెల్లారిందగ్గర్నుంచీ తరగదు. తనొక్కతే ఎంతమందినని చూస్తుంది? అందుకని అక్కడివాళ్ళకే నర్సింగ్ నేర్పడం మొదలుపెట్టింది. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో డాక్టర్ చదువు పూర్తిచేసిన కాంగో మనిషి ఒక్కడు కూడా లేడు తెలుసా? అలాంటి చోట మందివ్వడం కన్నా మందివ్వడం నేర్పడమే పెద్ద పని.

తమ్ముడు: సండే స్కూల్లో చెప్పే హాట్ వాటర్ బ్యాగ్ కథ ఈవిడదేనా?

అక్క: ఈవిడదే. నెబోబొంగో అని, పాత కుష్ఠు రోగుల శిబిరం ఉన్న చోటు. ఇటుకలు కాల్చడం కూడా నేర్చుకుని అక్కడ ఆసుపత్రి కట్టించింది. ఒక రాత్రి కాన్పులో తల్లి చనిపోయింది. నెలలు నిండని బిడ్డ, పక్కన రెండేళ్ళ అక్క ఏడుస్తోంది. బిడ్డని వెచ్చగా ఉంచడానికి ఇంక్యుబేటర్ లేదు. ఉన్న ఒక్క హాట్ వాటర్ బ్యాగ్ నీళ్ళు పోస్తుంటే పగిలింది. మర్నాడు అనాథ పిల్లలతో ప్రార్థనలో ఈ మాట చెప్తే, పదేళ్ళ పిల్ల ఒకతి ఇవాళే బ్యాగ్ పంపించమని, రేపటికైతే పాప బతకదని, పనిలో పని ఆ చిన్నదానికో బొమ్మ కూడా కావాలని దేవుణ్ణి అడిగేసింది.

తమ్ముడు: సాయంత్రానికల్లా పార్సెల్!

అక్క: అవును. అల్లిన స్వెటర్లు, రోగులకి కట్టుగుడ్డలు, వాటి కింద బ్యాగ్, ఇంకా అడుగున బొమ్మ. ఐదు నెలల కిందట సండే స్కూల్ పిల్లలు పంపిన పార్సెలది. నాకు మాత్రం నచ్చేది పార్సెల్ కాదు. ఆ పిల్ల అడుగుతున్నప్పుడు ఈవిడకి ఆమెన్ అనడానికి మనసొప్పలేదట. వస్తుందని నమ్మలేదట. తనే చెప్పుకుంది. మన ప్రసంగాల్లో ఈ ముక్క ఎగిరిపోతుంది.

తమ్ముడు: తిరుగుబాటు ఎప్పుడొచ్చింది?

అక్క: 1964లో. ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్ళని సింబాలు అనేవారు, స్వాహిలీలో సింహమని అర్థం. ఆగస్టులో స్టాన్లీవిల్ నగరం, అదే ఇప్పటి కిసంగాని, వాళ్ళ చేతికి చిక్కింది. మంత్రించిన నీళ్ళు చల్లుకుంటే తూటాలు నీళ్ళైపోతాయని వాళ్ళ నమ్మకం. వాళ్ళలో బోలెడుమంది పిల్లలురా, బల్లమీద కూర్చుని చదువుకోవాల్సిన వయసు. ఈవిడ ఐదు నెలలు బందీగా ఉంది. అక్టోబర్ చివర్లో ఒక రాత్రి ఇంట్లోకి చొరబడి కొట్టారు, బూటుకాలితో తంతే పళ్ళూడాయి, అత్యాచారం చేశారు. ఆ రాత్రి దేవుడు కూడా చెయ్యి వదిలేశాడనిపించిందని తర్వాత దాచకుండా చెప్పింది.

తమ్ముడు: (కాసేపు ఆగి) మిగతావాళ్ళు?

అక్క: నవంబర్ 24న బెల్జియం పారాట్రూపర్లు స్టాన్లీవిల్‌లో దిగారు. అదే రోజు సింబాలు అమెరికన్ మిషనరీ డాక్టర్ పాల్ కార్ల్‌సన్‌ని కాల్చి చంపారు. ఈవిడ కొత్త సంవత్సరం వస్తుండగా బయటపడింది.

తమ్ముడు: నేనైతే మళ్ళీ ఆ దేశం పేరెత్తను.

అక్క: ఈవిడ 1966లో తిరిగి వెళ్ళింది. కాంగోలోనే న్యాంకుండే అనే చోట నర్సులకీ వైద్య సహాయకులకీ చదువు చెప్పే పనిలో దిగింది. సింబాల దగ్గర కన్నా అక్కడే ఎక్కువ నలిగిందేమో అనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఈసారి ఎదురు తిరిగింది సొంత విద్యార్థులు.

తమ్ముడు: అదేంటి! ఇంత చేసిన మనిషి మీదా?

అక్క: ఆ పిల్లల్ని నేను తప్పుపట్టలేను. స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళే అయింది, ఇంకా తెల్లావిడే పైన కూర్చుని చెప్పాలా అని ఉడుకుంటుంది కదా. అసలు ఆవిడకీ ఆ మంట తెలుసు. నెబోబొంగోలో అంత కష్టపడి కట్టాక, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్ని తన నెత్తిన పెట్టారు, మగవాడు కాబట్టి. అప్పుడు ఆవిడ ఎంత గింజుకుందో! చివరికి న్యాంకుండేలో పదవి వదులుకుని 1973లో వెనక్కి వచ్చేసింది, ఓడిపోయానన్న బాధతో.

తమ్ముడు: అయ్యో. మళ్ళీ వెళ్ళలేదా?

అక్క: చాలా ఏళ్ళకి చూడ్డానికి వెళ్ళింది. బైబిల్లో వైద్యుడైన లూకా పేరు మీద అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు మామా లూకా, అలాగే పిలిచారు. ఆవిడ దగ్గర మొదట్లో పని నేర్చుకున్న జాన్ మంగదిమా అని ఒకాయన ఉన్నాడు, తర్వాత నెబోబొంగో ఆసుపత్రి నడిపింది తనే.