స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి

అందరికీ నమస్కారం.

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకునేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. కార్డు కోసం నెలల తరబడి వీడియోలు చూస్తారు, ధరలు పోల్చుకుంటారు. దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీలోని పవర్ సప్లై పెట్టె, దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపువాళ్లు ఏది చేతిలో పెడితే అదే. ఈ అలవాటు మారాలని నా తాపత్రయం.

ఒక పీసీని తీసుకుందాం. అందులో జీటీఎక్స్ 1650 కార్డు ఉంది. అది వాడుకునేది 75 వాట్లు. అంతవరకూ మదర్‌బోర్డు స్లాటే ఇవ్వగలదు కాబట్టి ఆ కార్డుల్లో చాలావాటికి వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. దాన్ని తీసి ఆర్‌టీఎక్స్ 5070 పెడదామనుకున్నారు. దీనికి 250 వాట్లు కావాలి. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ పని ఎక్కువైతే 117 వాట్ల దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి ఇంకో 50 వేసుకోండి. మొత్తం 420కి అటూఇటూగా తేలుతుంది. "నా దగ్గర 450 వాట్లది ఉందిగా, చాల్లే" అనిపిస్తుంది.

అలా అనుకునే ముందు సైడ్ ప్యానెల్ విప్పి ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న 450ని పక్కన పెట్టండి. కింద చిన్న పట్టిక ఉంటుంది: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఇన్ని ఆంపియర్లని. కార్డూ ప్రాసెసరూ కరెంటు తీసుకునేది దాదాపుగా 12 వోల్టుల లైను నుంచే. చవక రకం ఎస్‌ఎంపీఎస్ మీద ఆ గడిలో 18 ఆంపియర్లని ఉందనుకోండి. 12ను 18తో గుణించండి. 216 వాట్లు! కొత్త కార్డు ఒక్కదానికే చాలదు. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల లైన్లలో ఉన్నాయి, ఈ కాలపు పీసీకి వాటితో పెద్దగా పని లేదు. మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద అదే గడిలో 54 ఆంపియర్ల దాకా ఉంటుంది. అంటే 648 వాట్లు. ఎన్విడియా కూడా 5070కి 650 వాట్లే సిఫారసు చేస్తోంది.

420 సరిపోతుంటే 650 దేనికని అడగొచ్చు. కార్డు ఎప్పుడూ ఒకేలా కరెంటు లాగదు. సెకనులో పదివేలో వంతు సేపు ఒక్కసారిగా రెండింతలు, అంతకు మించి కూడా లాగుతుంది. బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ అప్పుడు ఆగిపోతుంది. ఆటలో భారీ సీన్ వచ్చిందో లేదో స్క్రీన్ నల్లబడి పీసీ రీస్టార్ట్ అవుతుంది. మనమేమో డ్రైవర్లు మారుస్తాం, విండోస్ మళ్లీ ఎక్కిస్తాం, చివరికి కార్డే పాడైందని టెన్షన్ పడతాం. ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి ఊపుల్ని తట్టుకోవాలని నియమం పెట్టింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పెట్టె మీద ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉందో లేదో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మీద కనిపించే బ్రాంజ్, గోల్డ్ రేటింగులు గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా పోతుందో చెబుతాయి, అంతే. అవి భద్రతకు హామీ కావు.

కేబుళ్ల విషయంలో మాత్రం దయచేసి అశ్రద్ధ చేయకండి. కార్డుకు కరెంటు ఇచ్చే ఒక 8 పిన్ కనెక్టర్ 150 వాట్లకు. రెండు కనెక్టర్లు కావాల్సిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి, ఒకే కేబుల్‌కున్న రెండు తలలతో సరిపెట్టకండి. 16 పిన్ కనెక్టరైతే ఏ మూలా సందు కనిపించకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి. సరిగ్గా కూర్చోకపోతే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మాడ్యులర్, అంటే కేబుళ్లు విడిగా ఊడి వచ్చే ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత కేబుళ్లన్నీ తీసేయండి. కొత్తదానిలో అవి పట్టినా లోపల పిన్నుల వరస వేరేగా ఉండొచ్చు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే ఎస్‌ఎస్‌డీతో పాటు అందులోని ఫొటోలూ పోతాయి.

ఇంట్లో యూపీఎస్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని రాసి ఉన్నది సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. 420 వాట్ల పీసీ, ఎస్‌ఎంపీఎస్ 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా, గోడ నుంచి 467 లాగుతుంది. దానికి మానిటర్ కూడా కలుస్తుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ యూపీఎస్ పీసీని నిలబెట్టలేదు. 1000 వీఏ, 600 వాట్లు అని రెండు అంకెలూ స్పష్టంగా రాసినది తీసుకోండి.